ఉప్పాడ చీరతో పాటు మడ అడవి

ఉప్పాడ అనగానే మనకు జాందానీ చీరలే గుర్తొస్తాయి కదూ! చీర కొన్నాక ఒక్కసారి ఒడ్డుకు రండి. సముద్రం ఊరిని ఏటేటా కోసుకుపోతోంది. అడ్డంగా వేసిన బండరాళ్లూ ఆగడం లేదు.

బురదనేలను వేళ్లతో పట్టి ఉంచే చెట్లను చూడాలంటే, కాకినాడ దాటి యానాం దారిలో కోరింగ వెళ్లండి. ఈ మడ అడవి 1978లో అభయారణ్యమైంది. పోటునీరు అందని చోట్ల ఉప్పు పేరుకుని, నాటిన మొక్క బతికేది కాదు. 1990ల చివర స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊళ్లవాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటుకు నీరొచ్చి, పాటుకు ఉప్పును కడిగేసింది. కాలువ అంచుల్లో మడ మొక్కలు నిలదొక్కుకున్నాయి.

మనం వండుకునే రొయ్యలూ పీతలూ పిల్లలప్పుడు పెరిగేది ఈ వేళ్ల నడుమే. బావురుపిల్లికీ, నీటికుక్కలకీ ఇదే ఇల్లు. ఉప్పాడ ఇసుక ఒడ్డున మడ పెరగదు. అందుకే ఉన్నచోటైనా కాపాడుకోవాలి. చెక్కవంతెన మీద నడిచేటప్పుడు ప్లాస్టిక్ సంచులు మాత్రం పారేయకండేం!