మణిపూరంలో మంట

నాకు ఇరవయ్యారేళ్లప్పుడు కుండలిని లేచిందనుకున్నాను. నవ్వకండి, ఆ వయసులో మీకూ ఏదో ఒకటి లేచే ఉంటుంది.

అప్పట్లో హైదరాబాద్‌లో అద్దెగది. మంచానికెదురుగా గోడకి ఏడు చక్రాల బొమ్మ అంటించాను. అడుగున మూలాధారం ఎరుపు, పైన సహస్రారం ఊదా, మధ్యలో ఇంద్రధనుస్సు. గురువు లేడు, పుస్తకం ఉంది. అది చూసి పొద్దున్నే పరగడుపున ఊపిరి బిగించి కుంభకం పట్టేవాణ్ణి. ఆపైన మూడు కాఫీలు, మధ్యాహ్నం మిర్చి బజ్జీలు. మూడో వారానికి బొడ్డు పైన మంట మొదలైంది. అక్కడుండే మణిపూర చక్రానిది అగ్నితత్వం, బీజం ‘రం’. ఇంకేం కావాలి? మంట పెరిగినకొద్దీ మురిసిపోయాను. స్నేహితులకీ చెప్పుకున్నాను.

ఒక శుక్రవారం ఊరెళ్లాను. లలితా సహస్రనామం ముగించి లేవబోతున్న అమ్మని ఆపి, చుట్టచుట్టి తెచ్చిన బొమ్మ పరిచి పాఠం మొదలుపెట్టాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది.

“మణిపూరంలో అమ్మవారు ఎర్రగా కదరా ఉండేది? పసుపు వేశారేంటి? పసుపు స్వాధిష్ఠానంలో కదా!”

నోరు పెగల్లేదు. విశుద్ధితో మొదలుపెట్టి ఒక్కో చక్రంలో దేవికి ముఖాలెన్నో, ఏ అన్నం ఇష్టమో అమ్మ వారం వారం చదువుతూనే ఉంది. పక్కగదిలో దొర్లుతూ అవే వింటూ పెరిగాను. ఒక్క మాటా చెవికెక్కలేదు. గోడ మీది బొమ్మ మాత్రం వేదమైంది.

తర్వాత వెతికితే తెలిసింది. ఇంద్రధనుస్సు వరస 1970ల్లో పాశ్చాత్య దేశాల్లో ప్రచారంలోకి వచ్చింది. పూర్ణానందుడి షట్చక్రనిరూపణం, 1577 నాటిది, మణిపూర దళాలను వానమబ్బు రంగంటుంది. బౌద్ధుల హేవజ్ర తంత్రంలో చక్రాలు నాలుగే. రంగూ లెక్కా గ్రంథానికొకటైతే, చక్రాలు ఒంట్లో తడిమి పట్టుకునే అవయవాలెలా అవుతాయి? సాధకుడు అక్షరాన్నీ దేవతనీ ధ్యానంలో నిలుపుకునే చోట్లవి. నేను దేన్నీ నిలపలేదు. పొట్ట పట్టుకుని ఎక్కడ మండుతోందా అని కూర్చున్నాను.

ఆ మంటకి డాక్టరు ఎసిడిటీ అని పేరు పెట్టాడు. అమ్మ మాత్రం ఆ శుక్రవారమే మందు వేసింది. కంచంలో పెరుగన్నం పెట్టి, “స్వాధిష్ఠానంలో తల్లికి ఇదంటే ఇష్టం. తిను, నీ మణిపూరమూ చల్లబడుతుంది” అంది.