ఆరు నిమిషాల షికారు, గంటసేపు కాపలా

పిల్లలూ! విశాఖపట్నంలో మన నౌకాదళం వారి విమాన స్థావరం ఒకటి ఉన్నది. దాని పేరు ఏమిటో తెలుసునా? ‘డేగ’. అవును, మన తెలుగు డేగే! 1991లో మొదలైన ఆ స్థావరం నుంచి హెలికాప్టర్లు సముద్రం మీదికి వెళ్ళి వస్తూ ఉంటాయి.

అయితే నేను ఇప్పుడు చెప్పబోయేది ఆ పెద్ద డేగల సంగతి కాదు, జానెడు పొడవున్న పిచ్చుక సంగతి. మా మనవడి పుట్టినరోజుకు వాడి మేనమామ రేడియోతో నడిచే బొమ్మ హెలికాప్టరు ఒకటి కొనిచ్చాడు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పెట్టె విప్పగానే నాకు అందులో బొమ్మకన్న పాఠమే ఎక్కువగా కనిపించింది.

ముందు దాని రెక్కలు చూడండి. ఒకదాని మీద ఒకటిగా రెండు జతలు ఉన్నాయి. పై జత ఒకవైపు తిరిగితే, కింది జత రెండోవైపు తిరుగుతుంది. ఎందుచేత? గిర్రున తిరిగే కుర్చీలో కూర్చుని, కాళ్ళు పైకెత్తి, చేతులు రెండూ చటుక్కున కుడికి విసిరి చూడండి. కుర్చీ ఎడమకు తిరుగుతుంది. ఒక్క జత రెక్కలే ఉంటే హెలికాప్టరు ఒళ్ళు కూడా అలాగే రెక్కలకు ఎదురుగా బొంగరంలా తిరిగిపోతుంది. దాన్ని ఆపడానికి చాలా హెలికాప్టర్లకు తోక చివర చిన్న ఫంకా పెడతారు. మన బొమ్మలో మాత్రం రెండు జతలూ ఎదురెదురుగా తిరిగి, ఒకదాని బలాన్ని ఒకటి సరిపెట్టుకుంటాయి. నౌకాదళం వారు వాడే కామోవ్ హెలికాప్టర్లదీ ఇదే పద్ధతి.

ఇక ఎగరవేసే విధానం. మన ఊళ్ళలో సముద్రపు గాలి ఎక్కువ. కళింగపట్నం ఒడ్డున ఇంత తేలికైన బొమ్మను వదిలితే మళ్ళీ కనిపించదు. కనుక ఖాళీ గది చూసుకోండి. సీలింగు ఫ్యాను ఆపండి. రెక్కలు విరిగి ఉన్నవా, మరలు వదులైనవా అని చూడండి. బొమ్మను చదునైన నేల మీద, తోక మీవైపు ఉండేటట్టు పెట్టండి. అప్పుడు దాని ఎడమ మీ ఎడమే అవుతుంది. వేగం మీట పూర్తిగా కిందికి దించి, ముందు చేతిలోని పెట్టె స్విచ్చి వేయండి, తరవాత బొమ్మ స్విచ్చి వేయండి. ఆపేటప్పుడు ముందు బొమ్మ, తరవాత పెట్టె. ఈ వరస తప్పగూడదు. స్విచ్చి వేశాక కొద్ది క్షణాలు బొమ్మను కదిలించవద్దు. పైకి లేచాక అది తనంతట తాను ఎడమకు తిరుగుతుంటే, సవరించే మీటను కొంచెం కుడికి జరపండి. రెక్కలు ఆగేదాకా ముఖమూ, వేళ్ళూ, జడలూ దగ్గరికి పోనివ్వవద్దు.

మా మనవడు మొదటిరోజు ఆరు నిమిషాలు ఎగరవేశాడు. బొమ్మ దిగిపోయింది. చార్జికి పెట్టాం. పది నిమిషాలైనా గడవలేదు. ‘‘ఏటి తాతా, ఇంకా అవలేదా?’’ అని మొదలుపెట్టాడు.

వాడిచేత లెక్క చేయించాను. మీరూ చేయండి. బాటరీ మీద 180 మిల్లీ యాంపియర్ గంటలు అని ఉన్నది. అంటే 180 మిల్లీ యాంపియర్ల కరెంటును గంటసేపు ఇవ్వగలదన్నమాట. దాన్ని మనం ఆరు నిమిషాల్లో, అంటే గంటలో పదో వంతులో ఖర్చు చేశాం. కనుక మోటార్లు వాడుకున్న కరెంటు 1,800 మిల్లీ యాంపియర్లు! మా చార్జరు ఇచ్చేది 180 మాత్రమే. కనుక నిండడానికి గంట పడుతుంది. చివర్లో చార్జరు నెమ్మదిస్తుంది గనుక ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఖర్చు ఆరు నిమిషాలు, సంపాదన గంట!

తొందరపడి త్వరగా నింపగూడదా? గూడదు. ఈ బాటరీ బరువు నాలుగైదు గ్రాములు, మన పలాస జీడిపప్పు నాలుగు పలుకులంత. ఇందులో పనిచేసేది లిథియం, లోహాలన్నిటిలోకీ తేలికైనది. ఈ రకం బాటరీలకు దారి వేసినందుకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. బాటరీలో రెండు అరలూ, మధ్య పలచని పొరా ఉంటాయి. చార్జి చేసేటప్పుడు లిథియం కణాలు ఒక అరలోంచి రెండో అరలోకి పోతాయి. ఎగిరేటప్పుడు తిరిగి వస్తాయి. నిండినప్పుడు 4.2 వోల్టులు. అది దాటి నింపితే లోపల వేడి పుడుతుంది, వాయువు పుడుతుంది, బాటరీ ఉబ్బుతుంది, మంటా రావచ్చు. 3 వోల్టులకన్న తగ్గినా దానికి చేటే. అందుకే బొమ్మ నీరసించగానే ఆట ఆపాలి.

మా వీధిలో ఒక పిల్లవాడి బాటరీ పూరీలాగా ఉబ్బింది. వాడు సూదితో పొడిచి గాలి తీద్దామనుకున్నాడు! సమయానికి వాళ్ళ అమ్మ చూసి చెయ్యి పట్టుకున్నది. మధ్యనున్న పొర చిరిగితే రెండు అరలూ కలిసిపోతాయి. అప్పుడు లేచే మంట చేతిలోనే లేస్తుంది.

కనుక ఈ నియమాలు మీరూ, మీ అమ్మానాన్నలూ కలిసి చదవండి. ఎగిరిన బాటరీ వేడిగా ఉంటుంది, పావుగంట చల్లారనివ్వండి. బొమ్మతో వచ్చిన తీగనూ, దానితో ఇచ్చిన కాగితంలో చెప్పిన చార్జరునూ మాత్రమే వాడండి. పరుపు మీదా, పుస్తకాల మీదా కాక, గచ్చునేల మీద గానీ మట్టి మూకుట్లో గానీ ఉంచి చార్జి చేయండి. పెద్దలు మేలుకుని, దగ్గర ఉన్నప్పుడే చేయండి. రాత్రి చార్జికి పెట్టి నిద్రపోవద్దు. నిండిందని దీపం చెప్పగానే తీసేయండి. ఉబ్బినదాన్ని మళ్ళీ చార్జి చేయవద్దు, పొడవవద్దు, చెత్తలో వేయవద్దు. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట పెద్దలచేత ఇప్పించండి. పొగ వస్తే ముట్టుకోవద్దు. బయటికి వచ్చి పెద్దలను పిలవండి; మంటలైతే 101కి ఫోను చేయించండి.

మరి ఆ గంటసేపూ ఏం చేయాలి? జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు కాగితం ముక్క తీసుకోండి. పైనుంచి సగందాకా నిలువుగా చీల్చి, ఒక చీలికను ముందుకూ, రెండోదాన్ని వెనక్కూ మడవండి. కింది సగాన్ని సన్నగా మడిచి, కాగితాల క్లిప్పు ఒకటి గుచ్చండి. కుర్చీ ఎత్తునుంచి వదలండి. గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఇప్పుడు రెక్కలను తిరగేసి మడవండి. ఎటు తిరుగుతుంది? ఎందుకు? సమాధానం దొరికేసరికి బాటరీ నిండి ఉంటుంది.