మూడు చక్రాలూ, నాలుగు చక్రాలూ

స్ట్రోలర్‌కి తెలుగులో మాట లేదు. తోపుడుబండి అందామంటే దానిమీద జామకాయలు కనిపిస్తాయి. మా ఇంట్లో అందరూ దాన్ని ఉత్తి "బండి" అంటారు, రెండున్నరేళ్ళ మా పాపతో సహా. అయితే పిల్లల బండి అనగానే మా నాన్నకి గుర్తొచ్చేది వేరు. మూడు చక్రాల చెక్కబండి. పిల్ల దాని వెనక నిలబడి, అడ్డకర్ర పట్టుకుని, తోసుకుంటూ నడక నేర్చుకుంటుంది. తేడా ఒక్క చక్రంలోనే లేదు. అందులో తోసేది పిల్ల, ఇందులో తోసేది మనం. తొలి అడుగులకి అరిసెలు వండి, వాటిమీద బిడ్డని నడిపించి పేరంటం చేసుకునే మనుషులం కదా. నడక వచ్చిన పిల్లని బెల్టు పెట్టి కూర్చోబెడితే ఎవరికైనా వింతగానే ఉంటుంది.

లాసన్స్ బే కాలనీ దగ్గర ఒకావిడ చేపల గంప దించుకుంటూ ఆ మాట అడిగేసింది కూడా.

"ఏటి బాబూ, గుంటకి కాళ్ళు బాగోలేవా?"

"బాగానే ఉన్నాయమ్మా."

"మరి నడిపించవేటి?"

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్ళలోపు పిల్లల గురించి ఇచ్చిన సూచనల్లో ఉన్నదీ దాదాపు ఇదే ప్రశ్న. బండిలో గానీ కుర్చీలో గానీ ఒకేసారి గంటకి మించి కట్టి కూర్చోబెట్టొద్దు, ఏడాది దాటిన పిల్లలు రోజుకి కనీసం మూడు గంటలు కదలాలి అంటుంది. ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది, అంతే.

నడిపించొచ్చు. కానీ రెండున్నరేళ్ళ పిల్లతో నడవడాన్ని నడక అనొచ్చా అని నా అనుమానం. మా గేటు నుంచి పార్కు నాలుగొందల మీటర్లు. నాకు ఐదు నిమిషాలు, మా పాపకి నలభై. కాలేజీలో డెప్త్ ఫస్ట్ సెర్చ్ అని ఒకటి చదువుకున్నాం: దొరికిన కొమ్మ పట్టుకుని చివరిదాకా పోయి, దాని సంగతి పూర్తిగా తేలాకే వెనక్కొచ్చి ఇంకో కొమ్మ పట్టుకోవడం. సరిగ్గా ఇదే. ముగ్గు కనబడితే దానిలో ప్రతి చుక్కనీ తొక్కాలి. కుక్క కనబడితే అది లేచి వెళ్ళిపోయేదాకా పలకరించాలి. మ్యాన్‌హోల్ మూత మీద ఎగరాలి. ఆఖరికి పార్కు గేటు దగ్గర "ఎత్తుకో" అంటుంది. పన్నెండు కిలోలు. చంకన వేసుకుని సీతమ్మధార ఎత్తు ఎక్కితే నడుం ఏం చెప్తుందో మా ఆవిడనడగండి. ఫిజియోథెరపీ అయ్యాకే బండి కొన్నాం.

కొన్నాక తెలిసింది, దానికి తగ్గ దారి లేదని. ఫుట్‌పాత్‌లు ఎలా ఉండాలో మనకి చక్కటి పత్రమే ఉంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వేసిన ఐ.ఆర్.సి. 103. నడవడానికి అడ్డంలేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఇంజనీరింగ్ చదివిన పాపానికి ఒక ఆదివారం టేపు తీసుకెళ్ళి మా దారి కొలిచాను. ఎత్తు రెట్టింపు దాటింది. వెడల్పు కొలవడానికి ట్రాన్స్‌ఫార్మరూ, టిఫిన్ బండీ, రెండు స్కూటర్లూ ఒప్పుకోలేదు. అంచేత బండి రోడ్డు మీదకి దిగుతుంది. అక్కడ పాప ముక్కు సరిగ్గా ఆటోల పొగగొట్టాల ఎత్తులో ఉంటుంది. సర్రే యూనివర్సిటీ వాళ్ళు 2018లో, బండిలో పిల్లలు పక్కన నడిచే పెద్దవాళ్ళకన్నా 60 శాతం దాకా ఎక్కువ మురికిగాలి పీల్చుకునే వీలుందని రాశారు. రేవు, దాని లారీలు ఉన్న ఊళ్ళో ఆ అంకె చదవకుండా ఉంటేనే నయం.

ఇక దిగుడు రోడ్డు. ఐజెన్‌స్టీన్ 1925లో తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్'లో ఒడెస్సా మెట్ల మీద ఒక పసిబిడ్డ బండి తనంతట తాను దొర్లుకుంటూ పోతుంది. ఎడిటింగ్ గురించి ఆ సీను మీద ఒకప్పుడు నేనూ పేజీలు రాశాను. ఇప్పుడు మా వీధి వాలులో హ్యాండిల్ రెండు చేతులా పట్టుకున్నప్పుడు ఎడిటింగ్ గుర్తు రాదు. బ్రేకు గుర్తొస్తుంది.

మడతబండిని కనిపెట్టిన ఓవెన్ మెక్లారెన్ నాలాంటి ఇంజనీరే, కాకపోతే అసలైన ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాలు ముడుచుకునే ఏర్పాటు మీద పనిచేశాడు. 1965లో మనవరాలి కోసం అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండి చేశాడు. బరువు మూడు కిలోల లోపే. మేం కొన్నది ఎనిమిది కిలోలు. కప్పు పెట్టుకోవడానికి చోటుంది గానీ బస్సెక్కించడానికి లేదు.

బండి సాఫీగా పోయే చోటు నాకు తెలిసి ఒకటే, బీచ్ రోడ్డు. తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా వాహనాలు ఆపేస్తారు. ఊరు ఊరంతా అక్కడే నడుస్తుంది. మేం శని, ఆదివారాలు వెళ్తాం. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కుర్సురా సబ్‌మెరైన్ దాకా. (2001 దాకా నౌకాదళంలో పనిచేసి, మరుసటేడు మ్యూజియం అయింది. పాపకి మాత్రం అది పెద్ద చేప.) కానీ చిత్రమేమిటంటే అంత నున్నటి రోడ్డు మీద పాప బండిలో కూర్చోదు. కార్లు లేవు, హారన్లు లేవు, దిగిపోయి పరిగెడుతుంది. బండి నడిచే చోట పిల్లా నడుస్తుంది. పిల్ల నడవలేని చోట బండీ నడవదు. ఎటు చూసినా మా పదకొండు వేలు దండగ.

దండగ కాకపోవడానికి కారణం నాన్న. ముప్ఫై ఏళ్ళు స్టీల్‌ప్లాంట్ రోలింగ్ మిల్లులో చేసి, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీచేసి మా దగ్గరికొచ్చారు. అక్కడ చెట్ల కింద పొద్దున్నే మూడు నాలుగు కిలోమీటర్లు నడిచేవారు. ఇక్కడికొచ్చాక మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు కర్ర పట్టుకోమన్నాడు. "కర్ర పట్టుకుంటే ఇంక ముసిలోడి లెక్కేరా" అని నడకే మానేశారు. ఏడాది పాటు బాల్కనీ, టీవీ.

ఒక శనివారం పాప దిగిపోయి పరిగెడుతుంటే, నేను దాని వెనక పరిగెత్తాలి గనక, బండి ఆయన చేతిలో పెట్టాను. తిరిగొచ్చేసరికి ఆయన సబ్‌మెరైన్ దాటిపోయారు. హ్యాండిల్ మీద కాస్త బరువు వేసి, నడుం నిటారుగా, పాత షిఫ్టు మనిషి అంగలు. ఖాళీ సీట్లో నీళ్ళ సీసా, పాప టోపీ. ఎవరో "మనవరాలా సార్?" అని ఖాళీ బండి చూసి అడుగుతున్నారు. "ముందు పోతోంది" అంటున్నారు గర్వంగా.

అప్పట్నుంచీ బండి పని ఆయనదే. వారానికోసారి న్యూస్‌పేపరు పరిచి చక్రాలు ఊడదీసి నూనె వేస్తారు. చక్రం చిన్న కూత పెట్టినా "బేరింగ్ మాట్లాడుతోంది" అంటారు. కర్ర ఊసు మేమెత్తం, ఆయనెత్తరు.

పోయిన నెల మా మరదలు ఫోన్ చేసింది. ఏడో నెల. పాప ఎలాగూ కూర్చోవడం లేదుగా, బండి మాకిచ్చెయ్యండి అంది. మా ఆవిడ స్పీకర్లో పెట్టే మాట్లాడుతోంది. నాన్న పేపర్ దించకుండానే, "ఎనక చక్రం ఒకటి తేడాగా ఉందమ్మా. పసిబిడ్డకి అది ఇయ్యకూడదు" అన్నారు.

రాత్రి ఆయన పడుకున్నాక ఇద్దరం బండిని హాల్లో అటూ ఇటూ తోసి చూశాం. చక్రాలు చప్పుడు కూడా చెయ్యలేదు. మరదలికి కొత్తది ఆర్డర్ పెట్టాం, మూడు కిలోలది.