104 ఆగిన రేవు నుంచి

ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆ ఉదయం ఎర్రనీళ్లు చూడ్డానికి జనం నిలబడి ఉన్నారు. మొదటి ప్రమాద హెచ్చరిక ముందురోజే ఎత్తేశారు. 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు గోదావరి జిల్లాల్లో బడిపిల్లలు కూడా చెబుతారు. పట్నంలో ఉన్నవాళ్లకు అవి వార్త. దిగువన లంకల్లో ఉన్నవాళ్లకు మాత్రం గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలి, బియ్యం ఎప్పుడు అటకెక్కించాలి, నెలలు నిండిన కోడల్ని ఎప్పుడు ఏరు దాటించాలి అన్న లెక్క.

నేను వెళ్లాల్సింది ఆ లంకలకే. "తొమ్మిదింటికల్లా రేవులో ఉండండి, ఆలస్యమైతే అవతల ముసలివాళ్లు ఎండలో కూర్చుంటారు" అని ఏఎన్ఎం గారు ఫోన్లో చెప్పారు. ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట మీదుగా కాలువ వెంబడి ప్రయాణం. దారంతా కొబ్బరి, అరటి. మధ్యలో టీ తాగడానికి తప్ప ఎక్కడా ఆగలేదు.

పి.గన్నవరం చేరేసరికి మాత్రం ఒక పేరు మనసులో మెదలకుండా ఉండదు. ఈ మండలంలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏరు దాటి వచ్చేవాళ్లకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. గోదావరి పాయ వైనతేయ మీద కాలువను దాటించే అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఆమె ఇంటి తలుపు తెరిచి ఉంటుందన్న నమ్మకంతోనే బాటసారులు ఆ దారిన బయలుదేరేవారు. అవతలి గట్టున నా కోసం ఎవరో ఉన్నారన్న ధీమా, ఆకలికైనా రోగానికైనా, సగం బలం.

జి.పెదపూడి రేవులో 104 బండి గట్టు మీదే ఆగింది. ఉడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక... ఈ నాలుగు ఊళ్లకూ మధ్యలో వశిష్ఠ పాయ అడ్డం. వేసవిలో ఇసుకలో వేసుకున్న బాట మీద మోటారు సైకిళ్లు తిరుగుతాయి. ఏటా తొలి వరదకే ఆ బాట కొట్టుకుపోతుంది, ఆ తర్వాత పడవే దిక్కు. వంతెన పని జరుగుతోంది. అది పూర్తయ్యేదాకా నాలుగు చక్రాల వైద్యం ఇక్కడితో సరి.

ఈ బండ్ల కథ 2008లో మొదలైంది. అంతకుముందు 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు వచ్చాయి. అవి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పరుగెత్తేవి. బీపీ, షుగరు అలా ఉన్నట్టుండి మీద పడవు, ఏళ్ల తరబడి లోపల్లోపల తొలుస్తాయి. అందుకని 475 బండ్లతో 104 సేవ పెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లకు నెలకో రోజు ఖాయం చేశారు. రోజు తప్పకపోవడమే ఆ పథకానికి ప్రాణం. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం వచ్చాక ఆరోగ్య కేంద్రం డాక్టరే బండితో పాటు నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు. ప్రభుత్వాలు మారాయి, బండి మీద రంగులూ పేర్లూ మారాయి. లంకలో అడిగితే ఇప్పటికీ అందరూ "వన్ నాట్ ఫోర్ వచ్చిందా" అనే అంటారు.

మందుల అట్టపెట్టెలు, బీపీ మిషను, షుగరు చూసే స్ట్రిప్పులు, ఐసు పెట్టెలో ఇన్సులిన్, బరువు తూచే మిషను, రిజిస్టర్లు అన్నీ ఇంజను పడవలోకి దించారు. ఆశా కార్యకర్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మోకాటి లోతు నీళ్లలో నిలబడి పెట్టెలందుకుంది. డాక్టరు గారు చిన్నవాడు, ఈత రాదట. లైఫ్ జాకెట్ తాళ్లు రెండుసార్లు బిగించుకున్నాడు. నడి ఏట్లో పడవ కొంచెం కిందికి లాగింది. సరంగు గెడ వేసి, మాట మాట్లాడకుండా దాన్ని మళ్లీ దారిలో పెట్టాడు. ఆడవాళ్లిద్దరూ రిజిస్టరు తెరిచి ఎవరెవరికి మందులు అయిపోయుంటాయో లెక్క చూసుకుంటున్నారు. వరద రోజుల్లో వాళ్లకిది మామూలే.

అవతల చెట్టు కింద బల్లలేశారు. వచ్చినవాళ్లలో ముసలివాళ్లూ ఆడకూలీలే ఎక్కువ. కంద చేలోంచి, అరటి తోటలోంచి అలాగే మట్టి చేతులతో వచ్చినవాళ్లున్నారు. కూలి పోకుండా బీపీ చూపించుకోవడం వాళ్లకు ఇక్కడే కుదురుతుంది. ఏరు దాటి వెళ్తే పూట కూలి పోయినట్టే.

ఒక మామ్మగారి షుగరు బాగా ఎక్కువుంది.

"బిళ్లలు వేసుకోవట్లేదా మామ్మగారూ?" అంది ఏఎన్ఎం.

"అయిపోయి నాలుగు రోజులైందమ్మా. ఏరు ఉధృతంగా ఉందని మా అబ్బాయి కదలనివ్వలేదు."

"అయిపోయాక కాదండి, నాలుగు ఉండగానే ఆశా అమ్మాయికి చెప్పాలి."

"ఆయ్, చెప్తానండి."

డాక్టరు గారు కాసేపు ఆలోచించి, వరదలు తగ్గేదాకా అందరికీ నెలకు సరిపడా ఇచ్చేయమన్నాడు. చూడ్డానికి చిన్న నిర్ణయం. షుగరు బిళ్ల నాలుగు రోజులు మానితే ఆ రోజే ఏమీ కాదు. ఏటా వరదకు అలా మానుతూ పోతే కళ్లూ కిడ్నీలూ పాదాలూ ఆ బాకీ చెల్లిస్తాయి. ఇక్కడి వైద్యమంతా ఇలా రోజుల మధ్య ఖాళీ పడకుండా చూడటమే అని నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు బయలుదేరాం. ఒకింట్లో పెద్దాయనకు బోదకాలు. ఈ డెల్టాకు ఇది పాత శత్రువు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. దాని సూక్ష్మక్రిములు రాత్రిపూటే నెత్తురులో తిరుగుతాయి కాబట్టి, రక్తం తీసేవాళ్లు ఊరు నిద్రపోయే వేళ తలుపు తట్టాలి. ఏడాదికోసారి ఊరందరికీ డీఈసీ, ఆల్బెండజోల్ మింగించేది కొత్తవాళ్లకు అంటకుండా. వాచిపోయిన కాలుకు మాత్రం రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, ఎత్తులో పెట్టడమే ఆధారం. ఏఎన్ఎం బేసిన్ అడిగి, నేల మీద కూర్చుని, ఆయన కాలు కడిగింది. వేళ్ల సందుల్లో ఎలా తుడవాలో కోడలికి చూపించింది. ఎవరికీ ముక్కు మూసుకునే అవకాశం ఇవ్వకుండా, పొలం కబుర్లు చెబుతూ కడిగింది. సేవ అన్న మాటను మనం సభల్లో చాలా తేలిగ్గా వాడేస్తుంటాం.

మరో ఇంట్లో పక్షవాతంతో పడిపోయిన మనిషి. పింఛను ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి మంచం దగ్గరికే తెచ్చి చేతిలో పెడుతున్నాడు. 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. ఈయనకు వస్తున్నది వృద్ధాప్య పింఛనే. పెద్దది రావాలంటే వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కావాలి, దాని కోసం మనిషిని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"మంచం మీద మనిషిని పడవెక్కించి, గట్టెక్కించి, ఆటోలో పడుకోబెట్టాలండి. దానికి నలుగురు మగాళ్లు కావాలి. మా ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే" అంది ఆయన భార్య.

మందు ఏరు దాటి వస్తోంది, డబ్బూ దాటి వస్తోంది. ఆ ఒక్క కాగితం కోసం మాత్రం కదల్లేని మనిషే దాటి వెళ్లాలి. నలుగురు డాక్టర్లు ఏడాదికి ఒక్కరోజు ఈ రేవులో పడవెక్కితే తీరే పని ఇది. ఇన్సులిన్‌ను ఐసు పెట్టెలో పెట్టి ఇవతలికి చేర్చగలిగిన ప్రభుత్వానికి అది అసాధ్యమని నేననుకోను. ఆయన పేరు, ఆధార్ వివరాలు ఏఎన్ఎం తన పుస్తకంలో రాసుకుంది. ఆ పేజీలో అప్పటికే ఇంకొన్ని పేర్లున్నాయి.

దారిలో ఒక గర్భిణి ఇంటి ముందు ఆగి, ఈ వారంలోనే గన్నవరంలో పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపొమ్మని గట్టిగా చెప్పారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఈ ఇళ్లన్నీ మునిగాయి. అలాంటి వరద రాకముందే ఆమె గట్టెక్కాలి. అత్తగారు ఆషాఢం పోయాక చూద్దామంది. "ఏటికి ఆషాఢం, శ్రావణం తెలియవు అత్తయ్యగారూ" అంది ఆశా కార్యకర్త. ఆ మాటకు ఆవిడ లోపలికెళ్లి కొడుక్కి ఫోన్ చేసింది.

నాలుగు దాటాక రేవుకు తిరిగొచ్చాం. ఖాళీ పెట్టెలు పడవలోకి ఎక్కించాక ఏఎన్ఎం రిజిస్టరు మీద వేలు పెట్టి ఆగింది. అరిగెలవారిపేట నుంచి ఇద్దరు రాలేదు, అందులో ఒకరు ఇన్సులిన్ వేసుకునేవారు. మబ్బు పట్టింది, డాక్టరు గారు గట్టు వైపు చూస్తున్నాడు.

"బాబాయ్, ఒక్క అరగంట ఆపు" అని సరంగుతో అంటూనే ఆమె ఐసు పెట్టె భుజానికి తగిలించుకుంది. ఆశా కార్యకర్త అప్పటికే అరటి తోట గట్టు మీద ముందు నడుస్తోంది.