నీళ్ళ పొయ్యి నేర్పిన తితిక్ష



శీతోష్ణాలు రాకపోకలు గలవని, అనిత్యాలని, వాటిని సహించమని గీతాచార్యుడు ద్వితీయాధ్యాయంలో అర్జునునికి ఉపదేశించాడు. వేదాంతులు ఈ సహనాన్నే తితిక్ష అనే పేరుతో శమాది షట్కసంపత్తిలో చేర్చారు. ఆ పదానికి అర్థం నాకు గ్రంథపఠనంలో కాక, మా ఇంటి నీళ్ళ పొయ్యి సమీపంలో, అదీ చాలా ఆలస్యంగా బోధపడింది. సాధకులకు ఉపకరించగలదని ఆ అనుభవాన్ని నివేదిస్తున్నాను.

మాది అనంతపురం సీమలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకొంటాయి. ఈశాన్య మేఘాలకు తూర్పు తీరం దూరం. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది మంచి ఏడు. అటువంటి చోట ఏడుగురున్న ఇంటికి వేకువజామున వేడినీరు సమకూర్చడం ఒక నిత్యయజ్ఞమే.

బచ్చలిలో మట్టితో కట్టిన పొయ్యి, దానిమీద ఎనిమిది బిందెలు పట్టే రాగి హండా ఉండేవి. వేరుశనగ పొట్టు, కంది కంప, వంక గట్టున కొట్టి తెచ్చిన జాలి ముళ్ళు దానికి సమిధలు. వాన పడిన ఏడు కాయ పండి పొట్టు మిగిలేది. తప్పిన ఏడు బావిలో నీరూ ఉండేది కాదు, పొయ్యిలోకి పొట్టూ ఉండేది కాదు. అగ్ని నుండి జలం పుట్టినదని తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమాన్ని వర్ణించింది. మా పెరట్లో మాత్రం జలం కరుణిస్తేనే అగ్నికి ఆహారం దొరికేది.

ఆ హండాకు ఒక ధర్మం ఉండేది. ఎన్ని చెంబుల వేడినీరు తోడుకొంటే అన్ని చెంబుల చన్నీరు తిరిగి పోయాలి. పొయ్యిలో పిడికెడు పొట్టు వేసి, కంపను ఎగదోసి రావాలి. అందరూ దీనిని పాటిస్తే ఏడవ మనిషికీ వేడినీరే అందుతుంది. ఒక్కరు పోయకపోతే హండా అడుగంటుతుంది. ఒక్కరు ఎగదోయకపోతే చివరివారికి చన్నీరే గతి.

ఆ ధర్మాన్ని తప్పినవాడిని నేనే. సంధ్యావందనం, పారాయణం ఉన్నాయన్న నెపంతో మొదటి స్నానం నాదిగా ఉండేది. స్నానానంతరం మడిలో ఉన్నాను కనుక మసిని, కంపను తాకరాదని తప్పుకొనేవాడిని. ఒకనాడు తమ్ముడు నీళ్ళు చల్లబడ్డాయని గొణిగితే, శీతోష్ణాలను సహించమన్న గీతాశ్లోకాన్ని అర్థసహితంగా వినిపించాను కూడా.

ఒక పుష్యమాసంలో అమ్మకు మోకాళ్ళు బిగుసుకొనిపోయి మంచం దిగలేకపోయింది. చూడవచ్చిన వైద్యుడు వేడినీటి కాపడం పెట్టమని చెప్పి, “రోజూ ఏ నీళ్ళు పోసుకుంటావమ్మా?” అని అడిగాడు. అమ్మ నావైపు చూడకుండా, “అందరివీ అయినాక చన్నీళ్ళే నాయనా, అలవాటైపోయింది” అన్నది. ఎన్నేళ్ళుగా అని నేను అడగలేదు. ఆ లెక్క నాకే తెలుసు.

కంఠం కిందికి పోసుకొనే వేడినీరు దేహానికి బలకరమని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. రోగులకు, అశక్తులకు ఉష్ణోదక స్నానాన్ని ధర్మశాస్త్రాలు అనుమతించాయి. అంటే మా ఇంట్లో ఆ నీటికి ప్రథమాధికారిణి అమ్మ. చెలిమి, శ్లోకం రెండూ నోటికి వచ్చిన యువకుడు కాదు.

శంకరకృతంగా ప్రసిద్ధమైన ఆత్మబోధ, నీటికి శైత్యం, అగ్నికి ఉష్ణత స్వభావాలని చెబుతుంది. కనుక వేడినీటిలోని వేడి నీటిది కాదు, అరువు తెచ్చుకొన్నది. నా ప్రాతఃకాల అనుష్ఠానంలోని ఉత్సాహం కూడా అటువంటి అరువు వేడే. దానికోసం చీకటితో లేచి, పొగలో కళ్ళు నలుపుకొంటూ పొయ్యి ఊదినది అమ్మ. చింత లేకుండా, విలపించకుండా దుఃఖాన్ని సహించడమే తితిక్ష అని వివేకచూడామణి నిర్వచించింది. ఆ లక్షణం అమ్మలో ఉండేది, నాలో దాని నిర్వచనం మాత్రమే ఉండేది. తితిక్ష తనకు తాను విధించుకొనే వ్రతం. దానిని ఇతరుల మీద మోపితే అది హింసే అవుతుంది.

మరునాటి నుండి అమ్మది మొదటి స్నానం, నాది చివరిది. “నీ జపానికి పొద్దుపోతుంది నాయనా” అని ఆమె వారించేది. నేను బదులు పలకక కంప ఎగదోసేవాడిని. మొదటి వారంలో చన్నీరు ఒంటిమీద పడినప్పుడల్లా మనస్సు విసుగుకొన్నదని దాచను. తరువాత నాలుగు చలికాలాలే అమ్మ మా మధ్య ఉంది. అంతకుముందు నేను తోడుకొన్నదానిని ఇక తిరిగి పోయలేను.

నేడు మా మిద్దెమీద సౌరయంత్రం ఉంది. సూర్యనారాయణుని అనుగ్రహానికి ఈ సీమలో కొరత లేదు. అయినా గొట్టంలో మొదట వచ్చే చన్నీరు వృథా కాకుండా ఒక బకెట్టు పట్టి తులసికి, అంట్లకు వాడుకొంటాము. మబ్బు పట్టిన నాడు మొదటివారు కొళాయి తిప్పి మరచిపోతే చివరివారికి మళ్ళీ చన్నీరే. యంత్రం మారినా హండా ధర్మం మారలేదు.

జిజ్ఞాసువులారా, మీ ఇంట చివరగా స్నానం చేసేది ఎవరో, వారికి ఏ నీరు మిగులుతున్నదో ఒక్కసారి విచారించండి. ఆ విచారణ కూడా ఆత్మవిచారంలో భాగమే.

శ్రీకృష్ణార్పణమస్తు.