అటక మీది సీరియల్

డిసెంబరు 16, 2025, విజయవాడ
ధనుర్మాసం మొదలైంది. జేన్ ఆస్టిన్ పుట్టి ఇవాళ్టికి 250 ఏళ్లు. కింద వాటాలోంచి తిరుప్పావై వినబడుతుంటే ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ మళ్లీ తీశాను. 1790లో, పద్నాలుగేళ్లప్పుడు రాసింది. ‘ఫ్రెండ్‌షిప్’ స్పెల్లింగు ఆ పిల్ల తప్పుగా రాస్తే ఇప్పటికీ అచ్చులో అలాగే ఉంచుతున్నారు. లారా, సోఫియా అని ఇద్దరు నాయికలు. కష్టం వచ్చిందంటే చాలు, వంతులేసుకుని మూర్ఛపోతారు. సోఫియా మంచుకి తడిసిన నేల మీద పడి మూర్ఛపోయి, జలుబు చేసి, అది క్షయగా ముదిరి పోతుంది. పోయే ముందు స్నేహితురాలికి హితవు చెబుతుంది: పిచ్చెక్కితే ఎక్కనీ, మూర్ఛ మాత్రం పోకు, పిచ్చిలో కనీసం ఒంటికి కసరత్తు ఉంటుంది అని. ఇంట్లోవాళ్లను నవ్వించడానికి రాసుకున్న ఈ కథ 1922 దాకా అచ్చు కాలేదు.

డిసెంబరు 18
క్లాసులో ‘పమేలా’. రిచర్డ్‌సన్, 1740. పదిహేనేళ్ల పనిపిల్ల, వెంటపడే యజమాని, ఆ పిల్ల రాసే ఉత్తరాలు, చివరికి పెళ్లి. ఏడాది తిరక్కుండా ఫీల్డింగ్ ‘షమేలా’ తెచ్చాడు. అదే కథ, అలాంటి ఉత్తరాలే. ఇందులో మాత్రం పిల్ల శీలమంతా పెళ్లి కోసం ఆడిన బేరం.
వెనక బెంచీ అమ్మాయి లేచి, “మేడమ్, మా అమ్మమ్మ చెప్పే ‘సెక్రటరీ’లాగే ఉందండీ” అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, మంచి మాటే అన్నావన్నాను. ‘సెక్రటరీ’ నవల రాసిన యద్దనపూడి సులోచనారాణి 1940లో పుట్టింది ఇక్కడే, మొవ్వ దగ్గర కాజలో. ఆమె రాజశేఖరం కూడా డబ్బున్నవాడే. జయంతి పనిపిల్ల కాదు, జీతానికి ఉద్యోగం చేసే మనిషి, ఆత్మాభిమానం గల పిల్ల.
ఫీల్డింగ్ నవ్వు నాకు ఎప్పుడూ పూర్తిగా మింగుడుపడదు. అతను పుస్తకంతో పాటు ఆ పిల్లని కూడా ఎగతాళి చేశాడు. పేదింటి ఆడపిల్ల పెద్దింటి కోడలైతే వెనకాల ఏదో ఎత్తు ఉండి తీరాలా? ఆస్టిన్ అలా అనదు. తను వెక్కిరించిన నవలలన్నీ తనూ నమిలి మింగినదే.

డిసెంబరు 21, సింగ్‌నగర్
పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచినప్పుడు కింద ఉన్నవేవీ దక్కలేదు. అటక మీది గోనెసంచి మిగిలింది. అందులో వారపత్రికల్లోంచి చింపి దాచిన సీరియల్ కాగితాలు, దబ్బనంతో కుట్టి, పాత పెళ్లి శుభలేఖ అట్టలు వేసినవి. కుట్టు దారం నిండా మైదా పిండి పెళుసుబారి రాలుతోంది. 32వ వారం మార్జిన్లో పెన్సిలుతో పాల లెక్క. ఓ పేజీ మధ్య ఎండిపోయిన మరువం రెబ్బ. ఒక మూల చెమ్మకి అక్షరాలు అవతలి పేజీకి అంటుకుని, నాయిక కన్నీళ్ల మీద తలనొప్పి మాత్రల ప్రకటన అచ్చు పడింది.

డిసెంబరు 22
జరుక్ శాస్త్రిది బందరు. 1914లో పుట్టి 1968లో పోయారు. భావకవుల నిట్టూర్పులకి ఆయన కట్టిన పేరడీలు వింటే, ఆ కవిత్వం ఆయనకి నోటికొచ్చునని తెలిసిపోతుంది. నోటికి రానిదాన్ని ఎవరు అనుకరిస్తారు?

డిసెంబరు 27
లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర ‘శ్రీరమణ పేరడీలు’ దొరికింది. నా కాపీ ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. శ్రీరమణ వేమూరు దగ్గరి వరాహపురం అగ్రహారం మనిషి, 2023లో వెళ్లిపోయారు. ‘మిథునం’ కథ రాసిందీ ఈ చెయ్యే. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాట దగ్గర రచయితకి గారం ఎక్కువో అంత కనిపెట్టాలంటే ఎన్నిసార్లు చదివి ఉండాలి!

జనవరి 4, 2026, సింగ్‌నగర్
పెద్దమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.
“ఈ సీరియల్ హీరోలని చూసి నవ్వొచ్చేది కాదా పెద్దమ్మా?”
“ఎందుకు రాదే! పత్రిక వచ్చిన రోజు అరుగు మీద ఒకరు చదివితే పదిమందిమి వినేవాళ్లం. మీ పెదనాన్న మోకాళ్ల దాకా బురదతో సైకిల్ దిగేవారా, ఎదురింటి రత్తమ్మొదిన లేచి, అదుగో ఆరడుగుల ఆజానుబాహువు, విదేశీ కారు దిగుతున్నాడు, దిష్టి తియ్యండర్రా అనేది. ఆ పూట ఇంక చదువు సాగేది కాదు.”
ఇంతకాలం పేరడీని పుస్తకాల్లోనే వెతికాను. ఇది మా ఊరి అరుగు మీద, ఎవరూ రాసిపెట్టని పేరడీ.
ఆఖరి వారం కాగితాలు వరదలో పోయాయి. ఏమవుతుందని అడిగాను. చేతిలో కాయ పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టింది. హీరో మాటలకి గొంతు బొంగురు చేసి, ఒక చెయ్యి జేబులో ఉన్నట్టు నడుం దగ్గర పెట్టి చూపించింది. ఇద్దరం నవ్వాం. నాయిక రైలెక్కే చోటికి వచ్చేసరికి కొంగుతో ముక్కు తుడుచుకుంది.
“రాసుకో, రాసుకో, మళ్లీ మర్చిపోతాను” అంది. క్లాసు నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను.