కన్నా



కోస్తా వైపు చిత్రిక అనే పనిముట్టును మన వైపు రందా అంటాం. రంపం కోస్తుంది, ఉలి తొలుస్తుంది, బాడిసె చెక్కుతుంది. రందా పని ఎత్తుపల్లాలను సరిచేయడం. ఇతర చెక్కలను సరిచేయవలసింది గనుక, ముందు తన అడుగు తాను సరిగా ఉంచుకోవాలి. ఈ సంగతిని ఈమధ్య హఫీజ్‌పేట్‌లో, ఒక మేడ మీది రేకుల షెడ్డులో, కళ్ళారా చూశాను.

మా ఊళ్ళో ఒక వడ్రంగి ఉన్నాడు. వాళ్ళ నాయిన కాలంలో ఊరికంతా నాగళ్ళు, కాడులు, బండి చక్రాలు చేసి, పంట ఇంటికొచ్చినప్పుడు ఆయం గింజలు తీసుకునేవారు. ట్రాక్టర్లు వచ్చాయి, నాగళ్ళు మూలపడ్డాయి. ఆ తర్వాత రెడీమేడ్ తలుపులూ ప్లాస్టిక్ కుర్చీలూ వచ్చాయి. చేతిపని తనతోనే ఆగిపోవాలని ఆయన అప్పు చేసి కొడుకును ఇంజనీరింగ్ చదివించాడు. అబ్బాయి ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ హఫీజ్‌పేట్‌లో అద్దెకుంటున్నాడు.

ఒకరోజు ఆ తండ్రి నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మావాడు జీతం పైసలు పెట్టి జపాను రందాలు చేస్తుండట. వాడు పట్టొద్దనే కదా నేను ఇంత కష్టపడ్డది! మీరన్నా చెప్పుండ్రి" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ వినిపించింది. పిల్లవాడు మళ్ళీ అదే బీదరికంలోకి నడిచి వస్తాడేమోనని భయం.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి వెళ్ళాను. చందానగర్ దాటితే హఫీజ్‌పేట్. చుట్టూ ఎత్తయిన అపార్ట్‌మెంట్లు. వాటి మధ్య పాత మూడంతస్తుల ఇల్లు, దాని మీద షెడ్డు. మోటారు యంత్రం ఒక్కటీ లేదు. అందుకే కింది వాళ్ళకు ఇబ్బంది లేదట.

జపానులో ఈ రందా పేరు కన్నా. మన చెవికి అచ్చం బిడ్డను ముద్దుగా పిలిచినట్టే ఉంటుంది. మన రందాను ముందుకు తోస్తాం. కన్నాను తన వైపుకు లాక్కుంటారు. దాని బ్లేడు రెండు లోహాల కూర్పు. పదునునిచ్చే గట్టి ఉక్కు పలుచటి పొర, దాని వెనుక మందంగా మెత్తని ఇనుము. ఉక్కు ఒక్కటే అయితే పెళుసుగా విరుగుతుంది, ఇనుము ఒక్కటే అయితే పదును నిలవదు. కమ్మరి రెండింటినీ కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి ఒకటి చేస్తాడు. బ్లేడు జపాను నుంచి తెప్పించుకున్నాడు గాని, దిమ్మె మాత్రం అబ్బాయి సొంతంగా చేశాడు. అక్కడ ఓక్ కర్ర వాడతారు. ఇతడు తండ్రి పెరట్లో ఏళ్ళుగా పడి ఉన్న నల్లతుమ్మ దూలం ముక్క తెచ్చుకున్నాడు.

కష్టమంతా బ్లేడును దిమ్మెలో కూర్చోబెట్టడంలో ఉంది. బ్లేడు పైన మందంగా, కింద పలుచగా ఉంటుంది. అది తన ఆకారంతోనే పక్క గాళ్ళలో బిగిసి నిలవాలి. బ్లేడు వెనుక సిరా పూస్తాడు, సుత్తితో మెల్లగా కొట్టి దింపుతాడు, మళ్ళీ పైకి తీస్తాడు. కర్రకు ఎక్కడ నల్లమచ్చ అంటిందో అక్కడ ఎత్తు ఉందన్నమాట. అంత మేరకే గీకుతాడు. మళ్ళీ సిరా, మళ్ళీ మచ్చ, మళ్ళీ గీకడం. తొందరపడి ఎక్కువ గీకితే బ్లేడు వదులైపోతుంది. ఒక్క కన్నాకు ఎన్నో సాయంత్రాలు పట్టాయన్నాడు.

అడుగు భాగం చూడటానికి చదునుగా కనబడుతుంది. నిజానికి ముందు అంచు దగ్గర, బ్లేడు నోటికి కాస్త ముందు మాత్రమే చెక్కను తాకేలా చేసి, మధ్యలో వెంట్రుకవాసి లోతు తీస్తారు. అలా తీసినా పని అయిపోదు. కర్ర వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అందుకని జపాను వడ్రంగులు పనికి ముందు కన్నా అడుగును వెలుతురులో పెట్టి చూసుకుంటారు, వంకర ఉంటే సరిచేసుకుంటారు. నిన్న సరిగా ఉంది గదా అని ఈరోజు వదిలేయరు.

"ఉద్యోగం మానేస్తావా నాయనా?" అని అడిగాను. "లేదండీ. పొద్దంతా స్క్రీన్ మీద చేసేది చేతికి తగలదు. ఇది తగులుతుంది. నాన్న చేతిలో ఉన్నదేంటో ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు. ఆ మాటకు నేను సలహా ఏమీ జోడించలేదు. కన్నాను అడిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

ఊళ్ళో తండ్రి చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తిరగేశాడు, బొటనవేలితో రాశాడు, ఒక కన్ను మూసి అడుగును ఆకాశం వైపు పెట్టి చూశాడు. "మా పెరట్ల తుమ్మనే గదా ఇది" అన్నాడు. కాసేపాగి, "నోటి కాడ ఇంకా జరంత ఎత్తుంది. ఆదివారం రమ్మనుండ్రి, చూపిస్త" అన్నాడు.

యేసు వడ్రంగి అని మనకు తెలుసు. ఆయన నాగళ్ళు, కాడులు చేసేవాడని రెండవ శతాబ్దంలో జస్టిన్ అనే రచయిత రాశాడు. కాడి సరిగా లేకపోతే ఎద్దు మెడ పుండు పడుతుంది. అలాంటి పనిలో ఎన్నో ఏళ్ళు గడిపినవాడు బోధించడానికి బయలుదేరాడు.

ప్రియులారా, తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా, కాపరులుగా మనం రోజూ ఎవరినో ఒకరిని సరిచేస్తూనే ఉంటాం. ఈ వారం ఎవరికైనా ఒక మాట చెప్పబోయే ముందు, మన అడుగును ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకుందాం. ఇంట్లో పిల్లలు మీకు నచ్చని పని ఏదైనా పట్టుకుంటే, దాన్ని ఒకసారి మీ చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. అందులో మీ పెరటి కర్ర ఉందేమో.